తుపాను భాష

ధవళేశ్వరమునకు దిగువన గోదావరి నది గౌతమి, వసిష్ఠ అను రెండు ప్రధాన శాఖలుగా చీలి సముద్రము వైపు సాగును. కొంత దూరము పోయిన పిమ్మట వసిష్ఠ నుండి వైనతేయ అను మరియొక పాయ విడివడును. ఈ పాయల నడుమ, బంగాళాఖాతపు అంచున, త్రికోణాకారముగా నున్న నేలయే కోనసీమ. కొత్తపేట, అమలాపురము, రాజోలు ఇందలి ముఖ్యమైన ఊళ్లు. 2022వ సంవత్సరమున ఈ సీమ అమలాపురము ముఖ్యస్థానముగా ప్రత్యేకమైన జిల్లాగా ఏర్పడినది.

ఈ నేల యావత్తును నది తెచ్చి పోసిన ఒండ్రుమట్టియే. కావుననే ఇచట కొబ్బరి, వరి, అరటి విరివిగా పండును. ఆ కారణము చేతనే ఇది మిక్కిలి పల్లపు నేల. తీరము వెంబడి నున్న గ్రామములు పెక్కు సముద్రమట్టమునకు కొద్ది మీటర్ల ఎత్తున మాత్రమే ఉన్నవి. సీమ నంతటిని గాలించినను ఒక్క కొండ గాని, గుట్ట గాని కానరాదు. సముద్రము పైకి వచ్చినపుడు ఎక్కి నిలుచుటకు ఏటిగట్టు, మేడ, చెట్టు తప్ప వేరొక ఆధారము లేదు. ఇట్టి చోట నివసించువారికి తుపాను ఎప్పుడు వచ్చును, ఎటు నుండి వచ్చును, వచ్చినచో ఏమి చేయును అను ప్రశ్నలు ప్రాణములతో ముడిపడినవి.

కోనసీమకు ఉత్తరమున, గౌతమికి ఆవలి వైపున కోరంగి యను గ్రామము కలదు. ఒకప్పుడది ఓడలు కట్టు పేరుగల రేవు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరియొకసారి తుపాను వెంట వచ్చిన ఉప్పెన ఆ రేవును ముంచివేసెను. ఆ కాలమున కలకత్తాలో హెన్రీ పిడింగ్టను అను ఆంగ్లేయుడు ఉండెను. ఆయన నావికులు తమ ఓడలలో ప్రతిదినము వ్రాసికొను పుస్తకములను సేకరించి, ఏ గంటకు గాలి ఏ దిక్కు నుండి వీచెనో పోల్చి చూచెను. తుపానులో గాలి తిన్నగా వీచక ఒక కేంద్రము చుట్టును సుడి తిరుగునని ఆ లెక్కలు చూపెను. పాము చుట్ట అను అర్థము నిచ్చు గ్రీకు పదము నుండి ఆయన దానికి 'సైక్లోను' అను పేరు కల్పించి, 1848లో ప్రకటించిన గ్రంథమున వాడెను. ఆ గ్రంథమును ఆయన పండితుల కొరకు గాక, సామాన్య నావికుల కొరకు వ్రాసెను. పటము మీద పెట్టి చూచుకొనుటకు వీలుగా, గాలి దిక్కులను గీసిన పలుచని కొమ్ము రేకులను కూడ దానికి జతపరచెను. చదువు అంతగా లేని సరంగు సైతము రేకును పటముపై జరిపి, తన ఓడను తుపాను నుండి ఏ వైపునకు తప్పింపవలెనో తెలిసికొనగలిగెను.

ఓడవానికి ఈ విద్య అందినది. ఒడ్డున పాకలో నున్నవానికి మాత్రము చాలకాలము అందలేదు.

1977 నవంబరు 19న కృష్ణాజిల్లాలోని దివిసీమను ఉప్పెన ముంచెను. సుమారు 10 వేల మంది మరణించిరి. పందొమ్మిది సంవత్సరముల తరువాత, 1996 నవంబరు 6వ తేదీ రాత్రి, కోనసీమ వంతు వచ్చెను. కాకినాడకు దక్షిణమున సుమారు 50 కిలోమీటర్ల దూరమున తీరము దాటిన ఆ తుపాను వైశాల్యమున చిన్నది, తీవ్రతలో పెద్దది. భైరవపాలెము, బలుసుతిప్ప ప్రాంతములలో సముద్రము ఊళ్లలోనికి వచ్చెను. వేటకు పోయిన మత్స్యకారులలో పెక్కుమంది తిరిగి రాలేదు. మొత్తము మీద వేయిమందికి పైగా మరణించిరి. లక్షల సంఖ్యలో కొబ్బరిచెట్లు కూలినవి. ఆ మరునాటి ఉదయమున తమ తోటలోనికి పోయి చూచినవారు నేటికిని ఆ దినమును 'పెద్ద గాలివాన' అనియే చెప్పుకొందురు.

ఆ నాటికే ఉపగ్రహములున్నవి. రేడియో ఉన్నది. విశాఖపట్టణమున 1974 నుండి తుపాను హెచ్చరిక కేంద్రము పనిచేయుచున్నది. హెచ్చరిక పుట్టుట ఒక పని. అది విన్నవానికి అర్థమగుట వేరొక పని. ఈ రెండవ పనిని గురించియే ఈ పాఠము.

కాట్రేనికోన మండలములోని ఒక తీరగ్రామమున, కార్తికమాసపు సాయంకాలమున, ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలికకును ఆమె తాతకును నడుమ జరుగు సంభాషణను ఊహింతము. ఆకాశమంతయు మబ్బు పట్టియున్నది. రేడియోలో వార్తలు అప్పుడే ముగిసినవి.

"తాతయ్యా, కాకినాడ రేవులో తొమ్మిదో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారట. మచిలీపట్నంలో ఎనిమిదో నంబరు."

"అయితే కాకినాడ వాళ్లకే ఎక్కువన్నమాట. మనకేం భయం లేదులే అమ్మాయీ. ఇంకా పది ఉంది, పదకొండు ఉంది. పదకొండు పడ్డప్పుడు చూద్దాం."

"నంబరు పెరిగినంత మాత్రాన బలం పెరిగినట్టు కాదండీ. ఎనిమిదికీ తొమ్మిదికీ బలం ఒకటే. తేడా అల్లా తుపాను ఏ పక్కనుంచి దాటుతుందన్నదే. మా మాస్టారు బొమ్మ గీసి చూపించారు."

"మరి పదకొండో?"

"పదకొండంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. అప్పుడిక మనకు చెప్పేవాళ్లే ఉండరు."

ముసలివాడు కొంతసేపు మాటాడలేదు. "ఆ బొమ్మ ఏదీ, ఇలా చూపించు" అనెను.

ఆ బొమ్మను మనమును చూతము. రేవులలో ఎగురవేయు సూచికలు ఒకటి నుండి పదకొండు వరకు ఉన్నవి. ఇవి ఓడల కొరకు ఏర్పడినవి, ఊళ్ల కొరకు కాదు. మొదటి రెండును దూర సముద్రమున వాయుగుండము గాని తుపాను గాని ఉన్నదని తెలుపును. మూడు, నాలుగు సంఖ్యలు రేవునకే గాలి బెడద కలుగవచ్చునని తెలుపును. ఐదు, ఆరు, ఏడు ఒకే మెట్టునకు చెందినవి. తుపాను నడచు దారికి రేవు ఎడమ వైపున నుండునెడల ఐదు. కుడివైపున నుండునెడల ఆరు. తుపాను రేవు మీదుగా గాని, దానికి అతి సమీపముగా గాని దాటునెడల ఏడు. తుపాను తీవ్రమైనదైనచో ఇదే వరుసలో ఎనిమిది, తొమ్మిది, పది వాడుదురు. ఎడమ కుడి యనగా తుపాను ముందుకు సాగు దిక్కుగా మొగము పెట్టి చూచుకొనవలెను.

ఇప్పుడు బాలిక చెప్పిన వార్తను మరల చదువుడు. తుపాను తూర్పు నుండి పడమరగా వచ్చుచున్నది. కాకినాడలో తొమ్మిది యనగా కాకినాడ దాని దారికి కుడివైపున, అనగా ఉత్తరమున నున్నది. మచిలీపట్టణమున ఎనిమిది యనగా ఆ రేవు దారికి ఎడమవైపున, అనగా దక్షిణమున నున్నది. ఇక తుపాను దాటుటకు మిగిలిన చోటు ఏది? ఆ రెండు రేవుల నడుమ నున్న తీరము. కోనసీమ అక్కడనే ఉన్నది! రేడియోలో కోనసీమ పేరైనను చెప్పకుండ, రెండు అంకెలు ఆ సంగతిని తెలిపినవి. ఆ భాష తెలియని తాత, తుపాను కాకినాడకు పోవుచున్నదని తలచి, తృప్తితో నిద్రపోయెడివాడు.

కుడివైపు, ఎడమవైపు అను భేదము ఓడలకు మాత్రమే సంబంధించినది కాదు. మీ కుడిచేతి బొటనవ్రేలిని పైకి నిలిపి తక్కిన వ్రేళ్లను ముడువుడు. వ్రేళ్లు ఏ దిక్కుగా ముడుచుకొనునో, భూమధ్యరేఖకు ఉత్తరమున నున్న మన తుపానులలో గాలి ఆ దిక్కుగానే తిరుగును. ఇట్టి సుడి పడమరగా వచ్చి తీరమును తాకినపుడు, కేంద్రమునకు ఉత్తరమున గాలి సముద్రము నుండి నేల మీదికి వీచును. దక్షిణమున నేల నుండి సముద్రము మీదికి వీచును. కావున ఉప్పెన సాధారణముగా కేంద్రమునకు కుడివైపు తీరముననే ఎక్కువగా లేచును. తుపాను సాగు వేగము సైతము ఆ వైపున గాలి వేగముతో కలియును.

గాలిని బట్టి కేంద్రమును గుర్తించు ఉపాయము కూడ కలదు. హాలెండు దేశపు శాస్త్రజ్ఞుడు బైస్ బాలట్ 1857లో దీనిని ప్రకటించెను. గాలి వచ్చు దిక్కునకు వీపు పెట్టి నిలువుడు. తుపాను కేంద్రము మీ ఎడమచేతి వైపున, కొంచెము ముందుకు ఉండును. అమలాపురమున ఈశాన్యపు గాలి వీచుచున్నచో కేంద్రము ఆగ్నేయమున, సముద్రముపై ఉన్నదని అర్థము. కొన్ని గంటలు గమనింపుడు. ఈశాన్యపు గాలి క్రమముగా తూర్పునకు, ఆగ్నేయమునకు తిరిగినచో కేంద్రము మీకు దక్షిణముగా పోవుచున్నది. మీరు ఉప్పెన వైపున ఉన్నారు. ఉత్తరమునకు, వాయవ్యమునకు తిరిగినచో కేంద్రము మీకు ఉత్తరముగా పోవుచున్నది. గాలి బలపడక ముందు చేయదగిన పరీక్ష ఇది. రేకులు ఎగురుట మొదలైన పిమ్మట, శాస్త్రము కొరకైనను బయట నిలువరాదు. ఇల్లు విడిచి పొమ్మని అధికారులు చెప్పినపుడు, ముందు ఈ పరీక్ష చేసి చూతమని జాగుచేయుటయు తగదు.

ఇంతకంటె ఎక్కువ ప్రాణములు తీయు అజ్ఞానము మరియొకటి కలదు. తీవ్రమైన తుపాను నడుమ 'కన్ను' అను భాగము ఉండును. అది మీదికి వచ్చినపుడు గాలి ఆగిపోవును. వాన తగ్గును. ఒక్కొక్కప్పుడు నక్షత్రములు కూడ కనబడును. తుపాను వెడలిపోయినదని తలచి జనులు బయటికి వత్తురు; పశువులను వెదకుటకు పోదురు; ఎగిరిపోయిన కప్పును సరిచేయుటకు ఇల్లెక్కుదురు. కన్ను 20 కిలోమీటర్ల వెడల్పు కలదనియు, తుపాను గంటకు 15 కిలోమీటర్ల చొప్పున సాగుచున్నదనియు అనుకొనుడు. కన్ను సరిగా మీ మీదుగా పోయినచో ఆ నిశ్శబ్దము ఎంతసేపుండును? 20ని 15తో భాగింపుడు: ఒక గంట ఇరువది నిమిషములు. ఆ తరువాత గాలి, అంతకు ముందు వీచిన దిక్కునకు ఎదురు దిక్కు నుండి, ఒక్కుమ్మడిగా విరుచుకొని పడును. మొదటి గాలికి ఒక వైపునకు ఒరిగి సగము వ్రేళ్లు కదలిన కొబ్బరిచెట్టు రెండవ గాలికి రెండవ వైపున కూలును. ఇంటికి ఏ వైపున చెట్టు ఉన్నదను లెక్క అప్పుడు తారుమారగును.

గాలి బలమును గురించి ఒక మాట. వేగము రెట్టింపైనచో గాలి త్రోపుడు రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. గంటకు 60 కిలోమీటర్ల గాలిని ఓర్చుకొన్న తాటాకు ఇల్లు 120 కిలోమీటర్ల గాలిలో రెండింతలు కాదు, నాలుగింతలు దెబ్బ తినును. వార్తలలో వాయుగుండము, తుపాను, తీవ్ర తుపాను అను మాటలు అలంకారముల కొరకు వాడినవి కావు. గాలి గంటకు 63 కిలోమీటర్లకు చేరినపుడే దానిని తుపాను అందురు. 89కి చేరినపుడు తీవ్ర తుపాను. 118 దాటినపుడు అతి తీవ్ర తుపాను.

ఉప్పెన యనగా పెద్ద కెరటము అని చాలమంది తలంతురు. కెరటము వచ్చి పోవును. ఉప్పెన సముద్రపు మట్టమే పెరిగి నేల మీదికి నడచి వచ్చుట. కెరటములు దాని మీద వేరుగా లేచును. తుపాను కేంద్రమున గాలి పీడనము తగ్గుటచే నీరు కొంత పొంగును; కాని పీడనము ఒక మిల్లీబారు తగ్గినచో నీరు లేచునది ఒక సెంటీమీటరు మాత్రమే. తక్కినదంతయు గాలి త్రోపుడే. వెడల్పైన పళ్లెరములో వ్రేలెడు మందము నీరు పోసి, ఒక వైపు నుండి విసనకర్రతో గట్టిగా విసరుడు. ఎదుటి అంచున నీరు కొంచెము పైకి ప్రాకుట చూడవచ్చును. తీరమున సముద్రము లోతు తక్కువైన కొలది ఈ ప్రాకుట ఎక్కువగును. అది సముద్రపు పోటు వేళతో కలిసినచో చెప్పనక్కరలేదు. పైగా నదీముఖముల గుండ నీరు లోపలికి చొచ్చుకొని వచ్చును. మురుగు కాలువలు సముద్రములోనికి నీరు వదలుటకు మారుగా సముద్రపు నీటినే ఊళ్లకు తెచ్చును. కావున సముద్రము కనబడనంత దూరమున నున్నామని ధైర్యము పడరాదు. కాలువ ఎంత దూరమున నున్నదో చూచుకొనవలెను.

ఇంకొక చిక్కు ఉన్నది. "పోయిన సంవత్సరమున ఇట్లే చెప్పిరి, షెల్టరుకు పోయితిమి, తుపాను ఒరిస్సాకు పోయినది" అని ఇల్లు కదలనివారు కలరు. వారిని మూర్ఖులనుట సులభము, కాని న్యాయము కాదు. ఆవును, కోళ్లను, ఇంటి సామానును విడిచి పోయినవానికి జరుగు నష్టము నిజమైన నష్టము. వారికి చెప్పవలసినది ఏమన, వాతావరణ శాఖవారు చూపు దారి ఒక గీత కాదు, ముందుకు పోయిన కొలది వెడల్పగు ఒక గరాటు వంటిది. తుపాను ఆ గరాటులో ఎక్కడనైనను పోవచ్చును. గరాటులో ఉండి తప్పించుకొన్న ఊరికి ఇచ్చిన హెచ్చరిక అబద్ధమైన హెచ్చరిక కాదు.

జపానులో జరిగిన ఒక సంగతి ఇచట చెప్పదగినది. 1854 డిసెంబరులో హిరో యను పల్లెలో భూమి కంపించి, సముద్రము పొంగెను. చీకటి పడుచుండగా జనులకు మెరకకు పోవు దారి తోచలేదు. హమగుచి గోర్యో అను ఆ ఊరి పెద్ద, కోసి పెట్టియున్న వరి కుప్పలకు నిప్పు పెట్టించెను. ఆ వెలుగును బట్టి జనులు గుడియున్న మెట్ట మీదికి చేరిరి. ఆ తరువాత ఆయన తన ధనముతో ఊరికి సముద్రపు కట్ట కట్టించెను. ఈ కథ 1937 నుండి పది సంవత్సరములు జపాను దేశపు అయిదవ తరగతి వాచకమున పాఠముగా నుండెను. వరి కుప్పలు కోనసీమవారికి క్రొత్త కావు. మన తుపానులు వచ్చు కార్తిక మార్గశిరములలోనే అవి కళ్లములలో నుండును. ఐతే, మనకు దారి చూపినను చేరుటకు మెట్ట లేదు. అందుచే మెట్టను కట్టుకొనవలసి వచ్చినది. తీరగ్రామములలో స్తంభముల మీద లేపి, క్రింద ఖాళీగా విడిచిన తుపాను షెల్టర్లు అట్టివే. ఉప్పెన నీరు స్తంభముల నడుమ నుండి పోవును, భవనము నిలుచును. తక్కిన దినములలో పెక్కు చోట్ల అది పాఠశాలగా ఉపయోగపడును. చదువు చెప్పు గదియే ప్రాణము నిలుపు గది యగుట నాకు మిక్కిలి నచ్చిన విషయము.

2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి మొంథా అను తీవ్ర తుపాను నరసాపురము ప్రాంతమున తీరము దాటెను. అది 1996 నాటి తుపానంత బలమైనది కాదు. ఐనను ముందుగనే తీరగ్రామముల ప్రజలను తరలించిరి, మత్స్యకారులను సముద్రము మీదికి పోనీయలేదు. పంటలకు, చెట్లకు నష్టము కలిగినది. ప్రాణనష్టము మిక్కిలి స్వల్పము.

సముద్రమును గురించి ఇంత చెప్పి నదిని విడుచుట కోనసీమవారికి ఒప్పదు. వరద తుపాను వలె గంటలలో రాదు; చెప్పి వచ్చును. భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులైనపుడు మొదటి హెచ్చరిక, 48 వద్ద రెండవది, 53 వద్ద మూడవది ఇత్తురు. ఆ నీరు ధవళేశ్వరము చేరుటకు దాదాపు ఒక దినము పట్టును. అచట మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండవది 13.75, మూడవది 17.75. 1986 ఆగస్టులో భద్రాచలమున గోదావరి 75 అడుగులు దాటెను. ధవళేశ్వరమున 35 లక్షల క్యూసెక్కుల నీరు పారెను. ఏటిగట్లకు గండ్లు పడి లంకలే గాక గట్టునకు లోపలి గ్రామములును మునిగెను. 2022 జూలైలో భద్రాచలమున మరల 71 అడుగులు దాటినది.

ఈ అంకెలు రేడియోలో విన్న లంకవాసికి ఒక్కటే కావలెను: "మా ఇంటి మెట్టు వరకు ఎప్పుడు వచ్చును?" దీనికి జవాబు ఏ కార్యాలయములోను లేదు, ఆ ఊరిలోనే తయారు చేసికొనవలెను. పాఠశాల పిల్లలు చేయదగిన పని ఇది. స్నానఘట్టము మెట్ల మీదనో, రామాలయపు అరుగు మీదనో అడుగులు, అంగుళములు రంగుతో గుర్తింపవలెను. వరద దినములలో ఒక పెద్దవారి తోడుతో, గట్టు మీద నిలిచి, ఉదయము, సాయంకాలము నీరు ఎంత వరకున్నదో చూడవలెను. ఒక నోటుపుస్తకమున నాలుగు వరుసలు గీసి, తేదీ, భద్రాచలపు మట్టము, ధవళేశ్వరపు మట్టము, తమ ఊరి మెట్టు అని వ్రాయవలెను. మొదటి సంవత్సరమున ఆ పుస్తకము పెద్దగా ఏమియు చెప్పదు. మూడు నాలుగు వరదలు గడచినపుడు, భద్రాచలమున ఇంత ఉన్నచో మరి ఎన్ని గంటలకు ఏ మెట్టు మునుగునో అది చెప్పగలుగును. ఎనిమిదవ తరగతివారు పాఠశాల విడిచి పోవునపుడు ఆ పుస్తకమును ఏడవ తరగతివారి చేతికిచ్చి పోవలెను.